మీర్జా గారి బేగం

ఈమె కూడా నేరుగా నా దగ్గరికే వచ్చింది. గుమ్మంలో నిలబడి గదంతా ఒకసారి కలియజూసి, గోడవారన కూర్చున్న ఆడవాళ్ళ ముఖాలన్నీ దాటేసి, నా ముఖం దొరకగానే చాదర్ నేలమీద ఈడ్చుకుంటూ వచ్చి, నా మెడ చుట్టూ చేతులు వేసి భోరుమంది. "భాభీ, నీ కొంప కూలిపోయింది కదమ్మా, నీ నెత్తిమీద నీడ పోయింది కదమ్మా." ఎవరో నాకు తెలియదు. ఒళ్ళంతా చెమట, బస్సుల్లో నలిగిన వాసన, ఎంత దూరం నుంచి వచ్చిందో, నా భుజం తడిసిపోతోంది. నేను ఆమె వీపు నిమురుతూ చెవిలో చెప్పాను, నేను కాదమ్మా, అదిగో ఆ మూల, తెల్ల దుపట్టా, ఆవిడే. ఆమె తల తిప్పి సాబిరాను చూసింది, మళ్ళీ నన్ను చూసింది, నేనేదో దుఃఖంలో మతి తప్పి మాట్లాడుతున్నానన్నట్టు నా చెంప నిమిరింది. పొద్దున్నించీ ఇదే వరస. వచ్చినవాళ్ళంతా ముందు నన్ను పట్టుకుని ఏడుస్తారు, నేను చెయ్యి చూపిస్తాను, వాళ్ళు నాలిక కరుచుకుని లేచి సాబిరా దగ్గరికి వెళ్ళి మర్యాదకు ఒకసారి కౌగిలించుకుంటారు, అప్పటికి ఏడుపంతా అయిపోయి ఉంటుంది, ఆమె వాటాకి ఏమీ మిగలదు. సాబిరా ఎవరినీ ఏమీ అనదు. ముందున్న తెల్ల దుప్పటి మీద కుప్పగా పోసిన ఖర్జూరం గింజలు ఒక్కొక్కటే తీసి, ఒక్కొక్క గింజకూ కలిమా చదివి, ఇవతలి కుప్పలో వేస్తోంది, పెదవులు మాత్రం కదులుతున్నాయి. పోయిన షబ్బన్‌కి నేను ఏమీ కాను. నలభై ఏళ్ళు ఆయన పెళ్ళాంగా ఉన్నాను, ఏమీ కాను.

కరెంటు పోయి ఎంతసేపయిందో, జనరేటరు చప్పుడు షామియానా వైపు నుంచి వస్తోంది గానీ దాని తాలూకు గాలి ఆడవాళ్ళ గదిదాకా రాదు. బయటినుంచి తీగ లాగి పెట్టిన ఒకే ఒక టేబులు ఫ్యాను మాత్రం అఖ్తరీ ఆపా ముఖం మీద తిరుగుతోంది. షబ్బన్ అక్కగారు. ఈ ఇంట్లో చావుకైనా పెళ్ళికైనా ఆవిడ మాటే చట్టం. పొద్దున ఆవిడ అందరూ వినేలా చెప్పింది, వెనక మసీదులో స్నానం చేయించి తెల్ల కఫను బట్ట చుట్టాక ఒకసారి లోపలికి తెస్తారు, చివరిచూపు ఇంటివాళ్ళకే, రక్తసంబంధం ఉన్నవాళ్ళకే, పరాయి ఆడవాళ్ళు పక్కగదిలోకి వెళ్ళాలి, పోయిన మనిషిని ఇబ్బంది పెట్టకూడదు, సాయంత్రపు అసర్ నమాజు అవగానే ఎత్తేస్తారు. చెప్తున్నప్పుడు ఆవిడ నా వైపు చూడలేదు. చూడలేదు కాబట్టే ఆ మాట నాకోసమే అని గదిలో అందరికీ అర్థమైంది. నేను అప్పటినుంచీ చేతిలో ఒక గింజ పట్టుకుని కూర్చున్నాను, కలిమా సగంలో ఆగిపోతోంది, మళ్ళీ మొదలుపెడతాను, మళ్ళీ ఆగిపోతుంది. ఆ ముఖాన్ని నేను చూసినంత దగ్గరగా చూసినవాళ్ళు ఎవరున్నారు, సుర్మా చెమటకి కరిగి కనుకొలకుల్లో చేరితే ఎటు కారుతుందో నాకు తెలుసు, ఎడమ కనుబొమ్మ కింద మచ్చ తెలుసు, నవ్వు వచ్చి ఆపుకుంటున్నప్పుడు ముక్కుపుటాలు వణకడం తెలుసు. ఇప్పుడు ఒక్కసారి చూడనిస్తారా లేదా అని పదేళ్ళ పిల్లలా గుండె కొట్టుకుంటోంది.

షబ్బన్ పోయాడని పొద్దున టీవీలో కింద గీతలా పరిగెత్తే వార్తల్లో చదివాను. నాకు ఎవరు ఫోన్ చేస్తారు? కిడ్నీలు పోయాయని, వారానికి రెండుసార్లు ఆస్పత్రికి తీసుకెళ్ళి రక్తం శుభ్రం చేయిస్తున్నారని ఎప్పటినుంచో తెలుసు, అయినా చూడ్డానికి వెళ్ళలేదు, ఏ హోదాలో వెళ్ళను? రిక్షా సందు మొదట్లోనే ఆగిపోయింది, జనం. అంత జనాన్ని నేను నుమాయిష్ చౌరస్తాలో మొహర్రం జులూసుల్లో కూడా చూడలేదు. చేపలమార్కెట్టు వాళ్ళు, బస్సు కండక్టర్లు, కోర్టు కోట్లు వేసుకున్నవాళ్ళు, ఒకణ్ణొకడు పట్టుకుని ఆయన మాటలు చెప్పుకుని నవ్వుతున్నారు, నవ్వుతూ ముక్కు చీదుకుంటున్నారు. నన్ను చూడగానే ఒకడు అరిచాడు, "దారివ్వండ్రా, బేగం వచ్చింది!" రెండుగా చీలిపోయారు. ఆ చీలిక మధ్య నడుస్తుంటే నాకు భయమేసింది, ఎందుకంటే నేను ఏడవలేదు, స్టేజీ మీదికి వెళ్తున్నట్టే నడిచాను, వీపు నిటారుగా, దుపట్టా సర్దుకుని. గేటు దగ్గర షబ్బన్ కొడుకు ముదస్సిర్ నిలబడి ఉన్నాడు. వీడు నన్ను ఆపేస్తాడనుకున్నాను. "లోపలికి రండి ఆంటీ, అమ్మీ అక్కడే ఉంది" అన్నాడు, అంతే. చిన్నప్పుడు బళ్ళో పిల్లలు వాణ్ణి ఏడిపించేవారట, "మీ అమ్మ ఎవర్రా, ఇంట్లో ఉన్నదా, క్యాసెట్లో ఉన్నదా" అని.

షబ్బన్ నన్ను ఎప్పుడూ మీరు అనేవాడు. ఇది ఎవరికి చెప్పినా నమ్మరు. స్టేజీ మీద ఏమే, ఒసేయ్, నువ్వు, నీ మొహం, నీ పుట్టింటివాళ్ళు, ఆ నోటికి అడ్డే ఉండేది కాదు. తెర పడగానే, "మునీరా బీ, మోకాలు నొప్పిగా ఉందా, టీ తెప్పించనా మీకు?" నా అసలు పేరు మునీరా అని గుర్తున్నవాళ్ళలో ఆయనొకడు, మా అమ్మ పోయాక ఆయనొక్కడే. నేను రేడియోలో పిల్లల కార్యక్రమంలో గొంతు మార్చి మాట్లాడుతుండేదాన్ని, ఆయన ఓడరేవు ఆఫీసులో గుమాస్తా, పెళ్ళిళ్ళలో మిమిక్రీ చేసేవాడు, సన్నగా, చెవులు మాత్రం రెండు తలుపులు తెరిచినట్టు. హమ్‌దానీ సాహెబ్ నాటకం వేస్తున్నాడంటే ఇద్దరం వెళ్ళాం. మీర్జా అని ఒక పనికిమాలిన మొగుడు, బేగం అని వాడి పెళ్ళాం, కథేమీ లేదు, వాడు రోజూ ఇంటికి ఆలస్యంగా వస్తాడు, ఆమె రోజూ అడుగుతుంది, అంతే నాటకం. రిహార్సలు మొదటిరోజే షబ్బన్ నన్ను పక్కకి పిలిచాడు. "చూడండి, నేను గుమ్మంలో అడుగు పెడతాను. నా ముఖం చూడకండి. కాళ్ళు చూడండి. కోపం వద్దు, ప్రేమా వద్దు, పాలు పొంగాయా అని అడిగినట్టు అడగండి, ఆ చెప్పులు మీవేనా అని." నేను పకపకా నవ్వేశాను. "అదేం ప్రశ్న? భార్య అలా ఎందుకడుగుతుంది?" అన్నాను. ఆయన నవ్వలేదు. "అడగడానికి ఇంకేం దొరకదు కాబట్టి" అన్నాడు. హమ్‌దానీ సాహెబ్ పాన్ నములుతూ, "ఇందులో హాస్యమేముందిరా షబ్బన్?" అన్నాడు. "ఏమో సాహెబ్, నాక్కూడా తెలీదు, చూద్దాం."

చూశాం. మొదటి ఆటలో ఆయన గుమ్మంలో నిలబడ్డాడు, ఒక కాలికి పెళ్ళికొడుకు జరీ బూటు, ఇంకో కాలికి రబ్బరు చెప్పు. నేను ఆ కాళ్ళవంక చూశాను. చూసి అడిగాను. హాలు ఒక్క క్షణం ఊపిరి బిగపట్టింది, తర్వాత పైకప్పు లేచిపోయింది. ముందు వరసలో ఒక లావుపాటాయన కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. ఆ రోజునుంచి అదే మాట, ప్రతి నాటకంలో, ప్రతి ఊళ్ళో. ఒకరోజు పోలీసు బూటు, ఒకరోజు ఆడవాళ్ళ ఎత్తు మడమ చెప్పు, ఒక బక్రీద్ రోజున మేకపిల్ల గిట్ట లాంటిదేదో చెక్కించుకుని వచ్చాడు. ఆయన ఏం తొడుక్కొస్తాడో నాకు ముందు చెప్పేవాడు కాదు, అందుకే నా కళ్ళలో ఆశ్చర్యం ఎప్పుడూ అబద్ధం కాలేదు. క్యాసెట్లు దుబాయి వెళ్ళాయి, జెద్దా వెళ్ళాయి, సరిహద్దు దాటి అవతలికి కూడా వెళ్ళాయి. కూరగాయల బండివాడు నన్ను చూసి తూకం ఆపేసి, "బేగం, ఆ చెప్పులు మీవేనా?" అంటాడు, కస్టమ్స్ ఆఫీసరు అంటాడు, మా అమ్మకి ఇంజెక్షను ఇవ్వడానికి వచ్చిన నర్సు అంది. మా అమ్మ పోయిన రోజు కూడా ఎవరో అన్నారు, ఓదార్చడానికే అన్నారు, పాపం.

ఇంకో గింజ తీశాను. కలిమా పూర్తయింది, నా పెదాలు వాటంతట అవే చదివాయి. సాబిరా ముందు కుప్ప పెరుగుతోంది. ఆమె చేతులు నా చేతుల్లా లేవు, గోళ్ళు పొట్టిగా కోసి ఉన్నాయి, వెల్లుల్లి ఒలిచి ఒలిచి బొటనవేలి చివర పగిలింది. ఆయన మధ్యాహ్నం రిహార్సలుకి తెచ్చే డబ్బాలో ఆ వేళ్ళ వంటే ఉండేది, ఖీమా, మెంతికూర, నేను సగం తినేదాన్ని, ఆమె వండిన సగం తిండి ఇన్నేళ్ళూ నేనే తిన్నాను. ఆమె ఒక్క ఆటకి కూడా రాలేదు. మిగతా నటుల భార్యలు ముందు వరసలో ఘుమఘుమలాడుతూ కూర్చునేవారు. ఆమెకి నేనంటే మంట అనుకున్నాను. అనుకుని, సిగ్గులేకుండా, లోలోపల కాస్త సంతోషపడ్డాను కూడా. మంట ఉందంటే ఏదో ఉన్నట్టే కదా. ఏమీ లేదు. ఖురాన్ మీద చెయ్యి వేసి చెప్పగలను, తెర పడ్డాక ఆయన చిటికెనవేలు కూడా నాకు తగల్లేదు. ఏమీ లేదన్నదే నా బాధ. ఒకసారి సింధ్ లోపల సుక్కుర్‌లో ఆట వేసి వస్తుంటే పోలీసు బండి ఆపింది, ఆ కాలం అలాంటిది, ఆడామగా కలిసి కనపడితే నికానామా, పెళ్ళి కాగితం, చూపించమనేవారు. ఇన్‌స్పెక్టరు టార్చి నా ముఖం మీద వేశాడు, ఆయన ముఖం మీద వేశాడు, వెంటనే సెల్యూట్ కొట్టాడు. "క్షమించాలి భాభీ, మీకు నికానామా ఎందుకు, దేశమంతా సాక్షి!" బండి కదిలాక అందరూ పడీ పడీ నవ్వారు. షబ్బన్ కిటికీలోంచి బయటికి చూస్తూ, "మునీరా బీ, ఇది బాగాలేదు, మీకు సంబంధాలు రావు" అన్నాడు. నిజమే. నాజిమాబాద్ లెక్చరరుగారి తల్లి మిఠాయి డబ్బా తీసుకుని మా ఇంటిదాకా వచ్చి, నా ముఖం చూసి, టీ తాగి, "అబ్బే, షబ్బన్ పెళ్ళాన్ని మా వాడికెలా చేసుకుంటాం?" అని నవ్వుతూ లేచిపోయింది. ఆమె సరదాకే అంది. మిఠాయి డబ్బా మాత్రం తిరిగి పట్టుకెళ్ళింది.

ఆ తర్వాత వచ్చిన ఏళ్ళు ఎవరికీ గుర్తు చేసుకోవాలని ఉండదు. సాయంత్రం కర్ఫ్యూలు, టైర్లు కాలిన వాసన, పొద్దున్నే కాలువ పక్కన గోనెసంచులు. వాటి మూతి విప్పే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు, అయినా ఎవరో ఒకరు విప్పాలి. రాత్రి ఆటలు ఆగిపోయాయి, మధ్యాహ్నం వేసేవాళ్ళం, చీకటి పడకముందే ఇళ్ళకి చేరాలని. సగం మందే వస్తారనుకుంటే నిలబడి చూసేంత జనం వచ్చేవారు. ఒకరోజు ఆట అయ్యాక ఒక కుర్రాడు వెనక్కి వచ్చాడు, నీలం చొక్కా, మోచేతి దగ్గర మట్టి. షబ్బన్ చేతులు పట్టుకుని, "నవ్వించారు షబ్బన్ భాయ్, అల్లా మిమ్మల్ని చల్లగా చూడాలి" అన్నాడు. "ఎక్కణ్ణుంచొచ్చావు తమ్ముడూ?" అని అడిగాడు ఈయన. "శవాగారం నుంచి. మా అన్నని గుర్తుపట్టి వస్తున్నా. ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాలి. చెప్పేముందు కాసేపు ఇక్కడ కూర్చుందామని వచ్చా." అలా అని, సలాం చేసి, వెళ్ళిపోయాడు. షబ్బన్ స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పుకున్నాడు. చాలాసేపు నీళ్ళ చప్పుడు. ఆ రోజుల్లో నీళ్ళు దొరకడమే కష్టం, హమ్‌దానీ సాహెబ్ కూడా తలుపు కొట్టలేదు. బయటికొచ్చి ముఖం తుడుచుకుని, "రేపటి ఆట ఎన్నింటికి?" అన్నాడు. అంతే. దేవుడు ఒక్కొక్కరికి ఒక్కో పని పెడతాడు, ఈయనకి ఆ పని పెట్టాడు, మోశాడు. తర్వాత నాటకాల్లో మాటలు తగ్గి డాన్సులు పెరిగాయి, హాళ్ళు మూతబడి పెళ్ళి మంటపాలయ్యాయి, టీవీ వాళ్ళు ఒకసారి పిలిచి ఏదో ఆటల కార్యక్రమంలో ఈయన నెత్తిన నీళ్ళ బకెట్టు కుమ్మరించారు, పిల్లలు నవ్వారు. నేను ఇంట్లో చూశాను. ఆయన కూడా నవ్వాడు. ముక్కుపుటాలు వణకలేదు.

బయట ఏదో కదలిక, కుర్చీల చప్పుడు, మైకు గుయ్యిమంది. మంత్రిగారు వచ్చారట. కిటికీ దగ్గర కూర్చున్నవాళ్ళు పరదా కాస్త జరిపారు. ఆయన గొంతు గదిలోకి వచ్చింది, ఈ దేశం ఒక వజ్రాన్ని కోల్పోయింది, కన్నీళ్ళ కాలంలో మనల్ని నవ్వించిన మహానుభావుడు, అని, రాసిచ్చిన మాటలే, ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా రాసిచ్చినట్టు. తర్వాత ఆగి, సొంతంగా అన్నాడు, "ఈ రోజు స్వర్గం గుమ్మంలో ఆయన అడుగు పెడితే దేవదూతలు ఏమడుగుతారో తెలుసా? మీర్జా సాహెబ్, ఆ చెప్పులు మీవేనా?" ముందు ఎవరో ఒకరు, తర్వాత సందు సందంతా, ఆ వేలమంది, నవ్వారు. ఏడుపులాంటి నవ్వు, గోడల్లోంచి వచ్చి మా మీద పడింది. గదిలో ఆడవాళ్ళు కూడా దుపట్టాలు నోట్లో కుక్కుకుని భుజాలు కదిలిస్తున్నారు, ఇందాక నన్ను కౌగిలించుకున్నావిడ నా తొడ మీద చెయ్యివేసి నొక్కింది. నాకు గర్వంగా ఉంది. ఛీ, ఈ ఇంట్లో ఈ గంటలో గర్వం. ఆ మాట పలికింది నేను, ఆ నవ్వులో సగం నాది.

"మునీరా" అని ఎవరో పిలిచారు. నన్ను ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు కాబట్టి ఒక క్షణం నాకు తెలియలేదు. సాబిరా. చేతిలో గింజ అలాగే ఉంది, నా వైపే చూస్తోంది. "ఇలా రా, పక్కన కూర్చో." మోకాళ్ళ మీద జరుగుతూ వెళ్ళాను. దగ్గర్నుంచి ఆమె చాలా చిన్నగా ఉంది, కళ్ళు పొడిగా, ఎర్రగా. "ఆ మాట ఎక్కడిదో నీకు చెప్పాడా?" అంది, మెల్లగా, పక్కవాళ్ళకి వినపడకుండా. లేదన్నాను. "ముదస్సిర్ కంటే ముందు నాకో కొడుకు" అంది. నాకు తెలియదు. ఇన్నేళ్ళూ తెలియదు. "గుడ్డూ. మూడేళ్ళవాడు. మెదడుకి జ్వరం ఎక్కింది, రెండ్రోజులు కూడా లేడు. మధ్యాహ్నం కబరస్తాన్‌కి తీసుకెళ్ళారు. ఆడదాన్ని, నన్ను రానివ్వరుగా. గుమ్మంలోనే కూచున్నా. ఎక్కడ పెట్టారు, నేల మెత్తగా ఉందా, వాడికి చీకటంటే భయం, కుడిపక్కకి తిప్పి పడుకోబెట్టారా, అన్నీ అడగాలని నోటినిండా పెట్టుకుని కూచున్నా. దీపాలు పెట్టేవేళకి వచ్చాడు. ఇంటినిండా జనం. గుమ్మంలో ఇలా నిలబడ్డాడు. నేను ముఖం చూడలేకపోయా మునీరా. కిందికి చూశా. ఎవరివో చెప్పులు. మసీదు మెట్లమీద ఎవరివో తొడుక్కొచ్చేశాడు. రెండూ ఎడమకాలివే. రెండూ ఎడమకాలివి వేసుకుని అంత దూరం నడిచొచ్చాడు, తెలియలేదు ఆయనకి. నా నోట్లోంచి అదే వచ్చింది. ఆ చెప్పులు మీవేనా అని."

ఫ్యాను అఖ్తరీ ఆపా ముఖం మీద తిరుగుతూనే ఉంది. "ఆయన కిందికి చూసుకున్నాడు" అంది సాబిరా. "నన్ను చూశాడు. ఇద్దరం నవ్వేశాం. అల్లా క్షమించాలి, ఆగలేదు, ఆ గుమ్మంలో ఇద్దరం ఒకర్నొకరు పట్టుకుని నవ్వి నవ్వి కింద కూలబడిపోయాం. ఆపా లేచొచ్చి అందరి ముందూ నా చెంప పగలగొట్టింది, కొడుకుని పూడ్చిపెట్టి నవ్వుతావే అని. ఆ తర్వాత మేమిద్దరం ఎప్పుడూ దాన్ని ఎత్తలేదు. వాడి పేరు కూడా ఎత్తలేదు. అది మా ఇద్దరిదీ. మాకు వాడి తాలూకు మిగిలింది అదొక్కటే. రెండేళ్ళు తిరిగాయి, సందులో పిల్లలు అరుస్తున్నారు, ఆ చెప్పులు మీవేనా, ఆ చెప్పులు మీవేనా అని. నేను రొట్టె చేస్తున్నా. చెయ్యి పెనం మీద పెట్టేసుకున్నా." ఆమె అరచెయ్యి తిప్పి చూపించింది. పాత మచ్చ, నున్నగా. "ఆయన్ని అడిగారా?" అన్నాను. "ఏమని అడగను? నాది నాకిచ్చెయ్ అనా? ఊరంతా నవ్వుతోంటే?"

క్షమించమనాలా, దేనికి, నాకు తెలియదుగా. ఆ కాళ్ళన్నీ కళ్ళముందు వరసగా వస్తున్నాయి, జరీ బూటు, పోలీసు బూటు, గిట్ట. అప్పుడు గుర్తొచ్చింది, సింధ్ హైదరాబాద్‌లో ఒక సాయంత్రం, చెప్పుల సంచి నా చేతికి దొరికితే అందులో వెతికి, "షబ్బన్ సాహెబ్, ఇవిగో, రెండూ ఎడమకాలివే, ఇవి వేసుకోండి, జనం చచ్చిపోతారు నవ్వలేక" అన్నాను. ఆయన నా చేతిలోంచి లాక్కున్నాడు. నా మీద గొంతు పెంచడం అదొక్కసారే. "అది వద్దు. అదొక్కటి వద్దు" అన్నాడు. తర్వాత మళ్ళీ మెత్తగా, "మునీరా బీ, ఏమనుకోకండి" అన్నాడు. పెద్ద నటుడి చాదస్తం అనుకున్నాను. ఇది సాబిరాకి చెప్పాను. తడబడుతూ, ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఎప్పుడూ వేసుకోలేదు, రెండూ ఎడమకాలివి ఎప్పుడూ, ఒక్క ఆటలో కూడా. ఆమె విన్నది. "ఒక్కసారి కూడానా?" అంది. "ఒక్కసారి కూడా." ఆమె తల వంచుకుంది. పొద్దున్నించీ మొదటిసారి ఆ కళ్ళలోంచి నీళ్ళు పడ్డాయి, గింజల మీద, చప్పుడు కాకుండా.

తెస్తున్నారు తెస్తున్నారు అని బయట గొంతులు. తలుపు రెండు రెక్కలూ తీశారు, వేడిగాలితోపాటు కర్పూరం, పన్నీరు వాసన. ముదస్సిర్ ముందు, ఇంకా నలుగురు, మంచం గది మధ్యలో దించి బయటికి వెళ్ళిపోయారు. ఆకుపచ్చ శాలువా, దానిమీద గులాబీ దండలు. అఖ్తరీ ఆపా లేచి నిలబడింది, చేతికర్ర నేలకి తాటించింది. "పరాయివాళ్ళు పక్కగదిలోకి నడవండమ్మా. ఇంటివాళ్ళే ఉండాలి." ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. నేనూ నేలమీద చెయ్యి ఆనించి లేవబోయాను. లేవలేకపోయాను. నా దుపట్టా కొంగు ఎక్కడో చిక్కుకుంది. చూస్తే సాబిరా పిడికిట్లో ఉంది. ఆమె నా వైపు చూడటం లేదు, మంచం వైపే చూస్తోంది, పిడికిలి మాత్రం వదలటం లేదు. ఆపా మా ముందుకొచ్చి నిలబడింది. "సాబిరా, ఈమెకి ఇక్కడేం పని?" అంది. "నీకే చెప్తున్నా, పాపం చుట్టుకుంటుంది." సాబిరా తలెత్తింది. "చుట్టుకోనీ ఆపా, నాకు చుట్టుకోనీ" అంది. ఆ ముసలిదాని కర్ర గాల్లో ఆగింది, తర్వాత దిగింది. ముఖం మీది బట్ట ఆవిడే తీసింది.

షబ్బన్. ముక్కులో దూది. సుర్మా లేదు. ఎడమ కనుబొమ్మ కింద మచ్చ ఉంది. ముఖం ఎంత చిన్నదైపోయిందో, చెవులే మిగిలాయి. ఏదో ఒకటి అంటాడని నేను ఎదురుచూశాను, నిజంగానే ఎదురుచూశాను, నలభై ఏళ్ళ అలవాటు, ఆయన ముఖం నా ముఖానికి ఇంత దగ్గరగా వస్తే తర్వాతి మాట ఆయనదే. సాబిరా వంగి ఆయన చెవి పక్కన తల ఆనించింది, ఏదో చెప్పింది, నాకు వినపడలేదు, వినాల్సింది నేను కాదు. నేను నా చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. ఆ నుదురు ముట్టుకోవచ్చేమో, ఎవరూ ఆపేలా లేరు, చెయ్యి సగం లేచి మళ్ళీ దిగిపోయింది. మగవాళ్ళు లోపలికి వచ్చారు. కలిమా షహాదత్ పలుకుతూ భుజాల మీదికి ఎత్తారు, ఆడవాళ్ళ ఏడుపు ఒక్కసారిగా లేచి పైకప్పుకి తగిలింది. మంచం గుమ్మంలో ఒకసారి వంగి, సర్దుకుని, వెలుతుర్లోకి వెళ్ళిపోయింది. బయట జనం గొంతు ఒక్కటైపోయి, దూరమవుతూ, సందు మలుపు దగ్గర సన్నబడింది.

సాబిరా గాజులు తీసి దుప్పటి మీద పెట్టింది. అప్పుడు నా కొంగు వదిలింది. అక్కడ ముడతలు పడి, చెమటకి తడిసి ఉంది. "చూశావుగా" అంది. తలూపాను. "మునీరా, ఒకటి చెప్తా, కోపం తెచ్చుకోకు. మూడో రోజు ఫాతిహా చదివేటప్పుడు రాకు. నలభయ్యో రోజుకి కూడా రాకు. ఈ నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ అయ్యేదాకా నేను ఈ గది దాటను, ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. నువ్వుంటే నిన్నే పట్టుకుని ఏడుస్తారు. నీ తప్పు కాదు. కానీ నాకేం మిగిల్చాడు చెప్పు? నా మాట నీ నోట్లో పెట్టాడు. నా డబ్బా నీకు పెట్టాడు. దేశమంతా నిన్నే ఆయన పెళ్ళాం అంది. ఆయన చావైనా నాకు ఉండనీ. ఈ విధవరాలితనం ఒక్కటి నాకు వదిలెయ్." గొంతులో కోపం లేదు. అలసట ఉంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను, ఆ నున్నటి మచ్చ నా వేళ్ళకి తగిలింది, సరే అన్నాను. ఎవరో నా నోట్లో పెట్టిన మాట కాదు, అరిగిన మాట కాదు, నాదే, సరే.

లేచాను. మోకాలు చిటుక్కుమంది. పక్కగదిలోంచి ఆడవాళ్ళు తిరిగి వస్తున్నారు, ఇందాకటి ఆవిడ చేతులు చాచి నా వైపు రాబోయింది, నేను ఆమె భుజాలు పట్టుకుని సాబిరా వైపు తిప్పి, కాస్త గట్టిగానే నెట్టాను. బయట షామియానా కింద కుర్చీలు అటూ ఇటూ పడి ఉన్నాయి, మైకు ఎవరూ ఆపకుండా వదిలేశారు, గాలికి గరగరమంటోంది. మగవాళ్ళంతా కబరస్తాన్ వైపు వెళ్ళిపోయారు, సందులో ఒక్కడూ లేడు. నన్ను ఎవరూ గుర్తుపట్టలేదు, గుర్తుపట్టడానికి ఎవరూ లేరు. సందు రెండో చివర నుంచి రోడ్డు మీదికి నడిచాను.